అసలు - నకలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మాటాడుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో చెప్పుదునని మీరనుకొనియుందురు. నేను పండితుడను కాను. సహకార సంఘములో పద్దులు వ్రాసికొని బ్రదుకువాడను. చదివిన నాలుగు కావ్యములును గురువు లేక, ఈ గ్రంథాలయపు బల్లపైననే, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదివినవి. నేడు చెప్పబోవునది ఆ కావ్యములను గూర్చియు కాదు. ఈ గది మూలలో పాత దినపత్రికల కట్టల క్రింద నున్న ఇనుప పెట్టెను గూర్చి.

ఆ పెట్టెలో 43 గ్రామఫోను ప్లేట్లున్నవి. రజతోత్సవము కొరకు గోడలకు వెల్ల వేయించునప్పుడు అది వెలుపలికి వచ్చినది. "ఈ పాటలన్నియు ఇప్పుడు ఫోనులో దొరకుచున్నవి గదా, ఈ బరువు మనకెందుకు?" అని మన యువకులలో కొందరడిగిరి. అడుగుటలో తప్పు లేదు. ముప్పది ఏండ్ల క్రిందట ఇదే ప్రశ్న నన్ను నేనడిగికొని, తొందరపడి ఒక సమాధానము చెప్పికొంటిని. ఆ బాకీ నాకింకను తీరలేదు. అందువలననే ఈ విషయము నెత్తుకొంటిని.

ముందుగా ఈ ప్లేటు అనగా నేమో తెలిసికొందము. చూచుటకు నల్లని పళ్ళెము. చేతినుండి జారినచో కుండ పెంకువలె పగులును. అందున్న ముఖ్య పదార్థము లక్క. అడవిలోని చెట్టుకొమ్మలపై పురుగులు పెట్టు లక్కయే. అది సుమారు మూడింట ఒక పాలు మాత్రమే. మిగిలినదానిలో అధిక భాగము రాతిపొడి: సున్నపురాతి పొడి, పలకరాతి పొడి మున్నగునవి, నల్లదనమునకు మసి, గట్టిదనమునకు కొంత నూలుపీచు. పలకరాయి యనగానే మనకు పరిచయము చెప్పనక్కరలేదు. మార్కాపురపు పలకలపై అక్షరములు దిద్దిన బిడ్డలు దేశమున నెందరున్నారో! మన ప్రాంతపు రాయి పిల్లవాని చేతివ్రాతను మోసినది. అదే జాతి రాయి లక్కతో గలిసి గాయకుని కంఠమును మోసినది. పలకపై వ్రాత తడిగుడ్డతో పోవును. ఈ పలకపై వ్రాత మాత్రము నూరేండ్లు నిలుచును. భేదమింతయే.

ఈ లక్క ప్రపంచమునకు ప్రధానముగా మన దేశమునుండియే పోయెడిది. 1942లో యుద్ధము మూలమున సరకు రాక తగ్గగా, అమెరికా ప్రభుత్వము లక్క వాడుకపై కట్టడి విధింపవలసి వచ్చెను. క్రొత్త ప్లేట్లు చేయుటకు పాతవాటిని ప్రోగుచేసి కరిగించిరి. అక్కడి నల్లజాతి ప్రజల కష్టములోనుండి పుట్టిన జాజ్ అను సంగీతము కూడ చాలకాలము మన అడవుల లక్కలోనే నిలిచియున్నది.

మన దేశమున ధ్వనిముద్రణము 1902 నవంబరులో మొదలైనది. గ్రామఫోను కంపెనీవారి పక్షమున గైస్బర్గు అను నతడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానమును ముద్రించెను. ఆనాడు మైనపు పలకపై గీసిన గీతలను ఓడపై జర్మనీ దేశపు హానోవరు నగరమునకు పంపి, అచటినుండి ప్లేట్లు తెప్పించెడివారు. పాట చివర గాయని తన పేరు తాను చెప్పికొనుట ఆ ప్లేట్లలో వినవచ్చును. భాష తెలియని జర్మనీ పనివారు పేరు తప్పు అంటింపకుండుటకు అదియే ఉపాయము. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసినది. 1925 తరువాత మైక్రోఫోను వచ్చి, గొట్టమునెదుట గట్టిగా అరచి పాడవలసిన అవస్థ తీరినది.

నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల ప్లేటులో ఒక ప్రక్క పట్టునది మూడు నిమిషములు, కొంచెమెక్కువ. మన నాటకరంగమునకు ఈ మూడు నిమిషములు చక్కగా నప్పినవి. రాగము దీసి ఒక పద్యమో రెండు పద్యములో పాడుటకు అది చాలును. ఆ విధముగా తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగము, చిలకమర్తివారి గయోపాఖ్యానము, బలిజేపల్లివారి హరిశ్చంద్ర ఇంటింటికి వచ్చినవి. తిరునాళ్ళలో రాత్రియంతయు కూర్చుండి చూచిన నాటకమును, మరునాడు కుక్కబొమ్మ ప్లేటులో మరల వినుట ఆనాటివారికెంత సంబరమో ఊహింపుడు. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, బందా కనకలింగేశ్వరరావు, డి.వి. సుబ్బారావు, వీరిని రంగస్థలముపై చూడని నావంటివాడు వారిని ఎరిగియున్నాడనగా అది ఈ ప్లేట్ల చలవయే.

ఒక్క పాట ఉదాహరణముగా చెప్పెదను. శంకరంబాడి సుందరాచారిగారు "మా తెలుగు తల్లికి" అను గీతమును 1942లో దీనబంధు చలనచిత్రము కొరకు వ్రాసిరి. చిత్రమువారు దానిని వాడుకొనలేదు. అంతటితో అది కాగితమునందే అణగిపోవలసినది. టంగుటూరి సూర్యకుమారి దానిని పాడి ప్లేటుగా ఇచ్చినందున ఊరూర వినబడినది, బడులలో ప్రార్థనయైనది, 1975లో ప్రపంచ తెలుగు మహాసభల వేళకు రాష్ట్రగీతముగా నిలిచినది. ఆమె ప్రకాశము జిల్లాకు పేరిచ్చిన ప్రకాశము పంతులుగారి సోదరుని కుమార్తె. చలనచిత్రము వదలివేసినదానిని ఒక ప్లేటు నిలబెట్టినది.

ఇక నా తప్పు చెప్పుకొనెదను.

మా నాయనగారు కరణీకము చేసిరి. 1984లో ప్రభుత్వము ఆ పదవులను రద్దుచేసినప్పుడు లెక్కల కట్టలు కచ్చేరికి పోయినవి; గ్రామఫోను మాత్రము ఇంట మిగిలినది. సాయంకాలము స్నానముచేసి, కీ తిప్పి, ప్రక్కకొక క్రొత్త సూది మార్చి, హరిశ్చంద్ర నాటకపు సెట్టు వినుట ఆయనకు సంధ్యావందనము వంటిది. అది ఐదు ప్లేట్ల సెట్టు. అనగా పది ప్రక్కలు. చివరి ప్రక్కలోని కాటిసీను పద్యము వచ్చునప్పుడు ఎవరును మాటాడరాదు. మా అమ్మ కూడ పొయ్యి యొద్ద గరిట దించి నిలుచుండెడిది.

1990 తరువాత నేను ఉద్యోగములో చేరి, మార్కాపురములో ఒక దుకాణమున అదే నాటకపు కేసెట్టు చూచితిని. అట్టపై అవే పేర్లు, అదే సెట్టు. ఎంతో సంతోషముతో కొని తెచ్చితిని. కీ తిప్పు శ్రమ లేదు. సూది వెదకు పని లేదు. "ఇక ఈ బరువెందుకు?" అని ఆ ఐదు ప్లేట్లను, వానితోబాటు మరికొన్నిటిని పాత కాగితముల వానికిచ్చితిని. వాడు వానికి వెలకూడ కట్టలేదు. "ఇవి కరగవు, అమ్ముడుపోవు, ఊరక తీసికొనిపోవుదును" అనెను. నేను సరేనంటిని. మా నాయన ఆ సమయమున ఊర లేరు. వచ్చిన తరువాత ఖాళీ పెట్టెను చూచి ఏమియు ననలేదు.

2003లో ఆయన మంచము పట్టిరి. ఒకనాటి రాత్రి, "ఒరే, ఆ ఆఖరి పద్యం పెట్టరా" అని అడిగిరి. కేసెట్టు పెట్టితిని. నాటకము నడచినది, తొమ్మిదవ ఘట్టము ముగిసినది, టేపు ఆగిపోయినది. రెండవ ప్రక్క త్రిప్పితిని. అది వేరొక నాటకము.

"ఇందులో లేదు నాన్నా."

"ఉండేదిరా. అయిదో ప్లేటు, రెండో ప్రక్క." అంతే అనిరి. మరల అడుగలేదు. ఆ నెలలోనే వెళ్ళిపోయిరి.

లెక్కలవాడను గనుక తరువాత లెక్క కట్టి చూచితిని. ఒక్కొక్క ప్రక్క 3 నిమిషముల 20 సెకనులు. పది ప్రక్కలు 33 నిమిషముల 20 సెకనులు. గంట కేసెట్టులో ఒక వైపు పట్టునది 30 నిమిషములు. మిగులు 3 నిమిషముల 20 సెకనులు. అనగా సరిగా ఒక్క ప్రక్క. పద్యముపై ఎవరికిని ద్వేషము లేదు. జాగా చాలలేదు, కోసివేసిరి. అట్టపై ఆ మాట వ్రాయలేదు. ఆ కేసెట్టు చేసినవారిని నేను దూషింపను. కరణము కొడుకునై యుండి, నకలును అసలుతో రుజువు చూడకయే అసలును పారవేసిన నాదే తప్పు.

పునర్ముద్రణమును నేను నిందించుచున్నానని తలపవలదు. అది లేనిచో మనకు మిగులునది ఎంత? ఘంటసాలవారి భగవద్గీత మొదట పెద్ద ప్లేటుగా వచ్చి, తరువాత కేసెట్టయి, సి.డి.యై, నేడు ఫోనులోనికి వచ్చినది గనుకనే 1974లో కన్నుమూసిన ఆ మహానుభావుని కంఠము ప్రతి ఇంటిలో మ్రోగుచున్నది. పాత గ్రామఫోను కంపెనీ 2000లో సారెగమ అని పేరు మార్చుకొని, 2017లో పాతపాటలు నింపిన కారవాన్ పెట్టెను విడుదల చేసినది. కీళ్ళనొప్పుల పెద్దలకు అది గొప్ప ఉపకారము. కాని ఏది మరల ముద్రింపదగినదో నిర్ణయించునది బేరము. నలుగురు కొనునది వచ్చును. మన సీమ నాటకసమాజపు నటుడు పాడిన ఒంటి ప్లేటు రాదు. వచ్చినదియు ఒకప్పుడు హోరు తీసివేయు తొందరలో కంఠపు పదును పోగొట్టుకొని వచ్చును. ఒకప్పుడు వేగము హెచ్చి, శ్రుతి పెరిగి, మగవాని గొంతు పిల్లవాని గొంతై వచ్చును. ఒకప్పుడు వేరొకని పేరుతో వచ్చును. కావ్యములలో పాఠాంతరములున్నట్లే పాటలలోను పాఠాంతరములున్నవి. వేమన పద్యముల కొరకు బ్రౌను దొర ఎన్ని తాళపత్రప్రతులు తెప్పించి సరిచూపించెనో మనమెరుగుదుము. ఒక్క ప్రతి చాలుననుకొనలేదు.

ఈ మాట జాజ్ సంగీతప్రియులు మనకంటె ముందు గ్రహించిరి. 1917లో ఆ సంగీతపు మొదటి ప్లేటు వచ్చినది. ఇరువది ఏండ్లు తిరుగకముందే పాతవి దొరకక, వారు పాతసామానుల అంగళ్ళు గాలింపసాగిరి. 1936లో పారిసు నగరమున షార్ల్ దెలోనే అనునతడు ఏ ప్లేటులో ఎవరు వాయించిరో వివరించు పట్టికను గ్రంథముగా అచ్చువేసెను. ఆ కాలముననే న్యూయార్కులో మిల్ట్ గాబ్లరు అను దుకాణదారు అంగట దొరకకుండపోయిన ప్లేట్లను తిరిగి చేయించి, వాద్యకారులందరి పేర్లును చీటీపై వేయించెను. 1940లో జార్జి అవాకియన్ అను విద్యార్థి కంపెనీ గిడ్డంగిలో వెదకి, లూయీ ఆర్మ్‌స్ట్రాంగు వాయించిన వానిలో అంతవరకు లోకము విననేవినని ముద్రణములను బయటికి తీసెను. పునర్ముద్రణము అనగా అది! ఉన్నదానిని తగ్గించునది కాదు, మరుగునబడిన దానిని చేర్చునది.

అయినను కంపెనీలే సర్వమును కాపాడునని నమ్మరాదు. 2008 జూన్ 1వ తేదీన హాలీవుడ్‌లోని ఒక స్టూడియోలో మంటలు చెలరేగి, గిడ్డంగిలోని మూల ముద్రణములెన్నో బూడిదయైనవి. ఆ నష్టమెంతటిదో 2019లో పత్రికలు వ్రాయువరకు లోకమునకు సరిగా తెలియలేదు. అంతటి ధనవంతుల గిడ్డంగికే దిక్కు లేనప్పుడు, ఒక గ్రామపు అటకమీది ప్లేటే కొన్ని పాటలకు చివరి అసలు కావచ్చును. మద్రాసులో వి.ఎ.కె. రంగారావుగారు పదుల వేల ప్లేట్లను ఒక జీవితకాలము పోగుచేసిరి. 1990లో బొంబాయిలో ప్లేట్ల సేకర్తలు సంఘముగా ఏర్పడి, పాత వివరములను గ్రంథస్థము చేయసాగిరి. వారు చేసినది మనము చేయలేము. మన ఊరి మట్టుకు మన పెట్టెను కాపాడుకొనగలము.

ఎట్లు కాపాడవలెను? ప్లేటును చదువుట నేర్వవలెను. నడుమనున్న రంగు చీటీ పట్టాదారు పుస్తకము వంటిది. పేరు అందులో తప్పుపడవచ్చును, చిరిగిపోవచ్చును. కాని చీటీ చుట్టునున్న నున్నని భాగమున, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూచినచో, చిన్న అంకెలు అచ్చుపడియుండును. ఆ ముద్రణకు అది సర్వే నంబరు. పేర్లు మారినను నంబరు మారదు. అదే పాట మరియొక చీటీతో వచ్చినను ఆ అంకెను బట్టి ఇది క్రొత్తగా పాడినదా, పాతదే మరల ముద్రించినదా అని తేల్చవచ్చును. అడంగలు చూచినవానికి ఇది కష్టమైన విద్య కాదు.

సంరక్షణకు నాలుగు మాటలు. ప్లేట్లను ఒకదానిపై నొకటి పేర్చరాదు. పుస్తకములవలె నిలువుగా నుంచవలెను. మన మార్కాపురపు ఎండలో వదలినచో వంగిపోవును. స్పిరిటుతో తుడువరాదు, లక్క స్పిరిటులో కరగును. మెత్తని గుడ్డను కొంచెము తడిపి, చీటీకి తగులకుండ తుడిచి నీడన ఆరబెట్టవలెను. క్రొత్త యంత్రముపై వినవలెనన్న దానికి తగిన సూది వేరుగా తెప్పించవలెను, ఎల్.పి. సూదికంటె అది సుమారు మూడింతలు లావు. సన్నసూది గాడి అడుగున దొర్లి గరగర తప్ప వినిపింపదు.

చట్టము మాటయు చెప్పెదను. 1957నాటి గ్రంథస్వామ్య చట్టమున ధ్వనిముద్రణపై హక్కు యాబది ఏండ్లుగా నుండి, 1992లో అరువది ఏండ్లయినది. అనగా మన పెట్టెలోని పాత నాటకపు ప్లేట్లపై కంపెనీ హక్కు తీరిపోయినది. కవి హక్కు వేరు. అది ఆయన మరణించిన తరువాత అరువది ఏండ్లుండును. దానిని గమనించి నడచుకొన్నచో నకలు తీయుటకు భయములేదు.

మన ప్రాంతమునకు గర్వకారణమైన ఎఱ్ఱాప్రెగడను ఇచట తలచుకొనక తప్పదు. నన్నయ పదునొకండవ శతాబ్దమున భారతమును మొదలుపెట్టి అరణ్యపర్వము మధ్యలో విడిచెను. తిక్కన విరాటపర్వమునుండి తక్కినది ముగించెను. నడుమ వెలితి వెలితిగానే యుండెను. అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానకవియైన ఎఱ్ఱన పదునాల్గవ శతాబ్దమున ఆ వెలితిని పూరించెను. పద్యము పోయినచో, ఎన్ని వందల ఏండ్లకైనను మరియొక మహాకవి పూరింపవచ్చును. కంఠము పోయినచో పూరించు ఎఱ్ఱన ఎన్నడును పుట్టడు.

నా కథలో మిగిలిన కొసను చెప్పి ముగించెదను. నాయనగారు పోయినది మొదలు ఆ ఐదవ ప్లేటు కొరకు వెదకుచునే యుంటిని. గిద్దలూరు, కంభము, బేస్తవారిపేట, ఎక్కడ పాత ఇల్లు విప్పుచున్నారని విన్నను పోయితిని. కొందరిండ్లలో ప్లేట్లను వేడినీట ముంచి పూలకుండీలుగా వంచియుండిరి. 2014లో కంభము దాపుల ఒక పల్లెలో, ఒకప్పుడు నాటకములాడిన వృద్ధుని ఇంట బియ్యపు కుండపై మూతగా నున్న ప్లేటును చూచితిని. అంకెలు చూచితిని. అదే. అంచునుండి నడుమవరకు బీట. ఆయన దానిని తుడిచి నా చేతికిచ్చి, "మూతకు పళ్ళెం ఉందిలే నాయనా, తీస్కపో" అనెను.

ఆ ప్లేటు ఈ పెట్టెలోనున్న 43లో ఒకటి. పెట్టినచో బీటకు తగిలి నిమిషమునకు డెబ్బదియెనిమిది మారులు టక్కుమనును. ఆ టక్కుల నడుమ పద్యము పూర్తిగా వినబడును. అడిగినవారు వినుటకు లేరు.

కనుక సభవారికి నా ప్రార్థన మూడు మాటలు. ఒకటి, ఆ పెట్టెను ఈ గదినుండి కదల్పవలదు; నిలువు అరల బీరువా చేయించుటకు నా వంతు చందా నేడే చెల్లించుచున్నాను. రెండు, ప్రతి ప్లేటుకు ఒక పద్దు వ్రాయుదము: చీటీ పేరు, అంకె, పాడినవారు, మొదటి మాటలు, పగులు ఉన్నదా లేదా, మరల ముద్రణ వచ్చినదా, వచ్చినచో పూర్తిగా వచ్చినదా కోతతో వచ్చినదా. క్రొత్త ముద్రణ వచ్చినప్పుడెల్ల అసలుతో కలిపి విని ఆ గడి నింపుదము. ఆ వ్రాతపని నాది. ఫోనులోనికి నకలు తీయు పని మన యువకులది. అడిగిన బిడ్డలే ఆ పనికి తగినవారు. మూడు, మీ ఇండ్ల అటకలపై ప్లేట్లున్నచో పారవేయుటకు ముందు ఒక్కసారి ఇచటికి తెండు. ఇవ్వనక్కరలేదు, నకలు తీసికొని, రసీదుతో భద్రముగా తిరిగి ఇచ్చెదము.

మా నాయనగారు లెక్కల కట్టలో ప్రతి నకలు క్రిందను "అసలుతో సరిచూచితిని" అని వ్రాసి చేవ్రాలు చేసెడివారు. నేను ఒక్కమారు ఆ మాట వ్రాయక పోగొట్టుకొన్నది మీకు చెప్పితిని. ఇకమీద ఈ గ్రంథాలయపు పద్దులో ఆ మాట లేని పుట ఉండకుండ చూచుట మనందరి పని.